మిస్టర్ బీన్ చేతికి చిక్కిన పసిబిడ్డ

మిస్టర్ బీన్‌ని మీకు నేను పరిచయం చేయక్కర్లేదు. గోధుమరంగు కోటు, ఎర్ర టై, ఎప్పుడూ వెంట ఉండే టెడ్డీ, నల్ల బానెట్టున్న చిన్న పచ్చ కారు, దాని తలుపుకి కొట్టుగదికి వేసినట్టు ఓ తాళంకప్ప. మన పిల్లలు అన్నం తినకుండా మారాం చేసిన రోజుల్లో మనలో ఎంతమందికి ఆయన సాయం చేశాడో లెక్కలేదు. బీన్ తెర మీదుంటే ముద్ద దానంతటదే లోపలికి వెళ్లేది.

మా ఇంట్లో ఇంకో లాభం కూడా ఉంది. ఇంగ్లిషు కార్యక్రమం ఏది పెట్టినా మా అత్తయ్యగారు "ఏం మాట్లాడుకుంటున్నారో ఏంటో, నాకు తెలిసి చావదు" అంటూ లేచి పూజగదిలోకి వెళ్లిపోతారు. బీన్ పెడితే మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని మరీ కూర్చుంటారు. అందులో తెలియకపోవడానికి మాటలే లేవు కదా! బ్రిటన్‌లో సిట్‌కామ్ అంటే మాటల గారడీ. మాటకి మాట అంటించి నవ్విస్తారు. ఇతనొక్కడే నోరు కట్టేసుకుని, కనుబొమ్మలతో, మోకాళ్లతో నవ్వించాడు. ఈ వేషం వేసిన రోవన్ అట్కిన్సన్ ఎలక్ట్రికల్ ఇంజినీరింగు చదువుకున్నాడట. రిచర్డ్ కర్టిస్‌తో కలిసి ఈ పాత్రని తయారు చేశాడు. మొదటి భాగం 1990 జనవరి 1న ఐటీవీలో వచ్చింది. 1995 దాకా తీసినవన్నీ కలిపినా పదిహేను భాగాలే. అవే పదిహేనూ తిప్పి తిప్పి మన తరం, మన పిల్లల తరం కూడా చూసేశాం.

వాటిలో పదో భాగం గురించి ఇవాళ చెప్పాలని ఉంది. పేరు "మైండ్ ద బేబీ, మిస్టర్ బీన్". 1994 ఏప్రిల్ 25న వచ్చింది. బిడ్డ జాగ్రత్త సుమా అని అర్థం. పేరులోనే ఎవరో అతనికి అప్పగింతలు పెడుతున్నట్టు ఉంటుంది. తమాషా ఏమిటంటే కథలో అతనికి బిడ్డని ఎవరూ అప్పగించరు.

కథ మీకు గుర్తుందో లేదో. ఇంగ్లండు దక్షిణాన పోర్ట్స్‌మత్ నగరంలో సౌత్‌సీ అని సముద్రపు ఒడ్డు ఉంది. అక్కడ మన తిరనాళ్లలాంటి సంత, ఎగ్జిబిషన్‌లో ఉన్నట్టే తిరిగే బొమ్మలూ, డబ్బులేసి ఆడే ఆటలూ, చేపపిల్లని గెలుచుకునే పందేలూ. బీన్ ఆ రోజు సరదాగా గడుపుదామని కారేసుకుని వస్తాడు. వచ్చినప్పుడు పక్కనే ఉన్న ఓ తోపుడుబండి, ప్రామ్ అంటారే, అది ఇతని కారుకి తగులుకుంటుంది. అందులో పసిబిడ్డ. ఇతనికి ఆ సంగతే తెలియదు. తీరా చూసుకునేసరికి కారు వెనకాల బండి, బండిలో బిడ్డ. తల్లి ఎవరో, ఎక్కడుందో తెలియదు. అక్కడ్నుంచి ఆ పూటంతా వాళ్లిద్దరి బతుకూ ఒకటే.

ఇతనికి ఆడుకోవాలని ఉంటుంది. బిడ్డని వదిలి పోలేడు. బిడ్డ ఉంటే ఆడుకోలేడు. ఇదేనండీ కథంతా. ఓ చేప గెలుచుకుంటాడు, దాని నీళ్లు పోతే నోట్లో పెట్టుకుని బతికిస్తాడు. రోలర్ కోస్టర్ ఎక్కితే అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని కేకలు పెడుతుంటే ఈ మహానుభావుడు విసుగ్గా మొహం పెట్టుకుని కూర్చుంటాడు. ఇంతలో డైపర్ మార్చాల్సిన సమయం వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుంటారు. ఇతని దగ్గర డైపర్ లేదు, దాని వాడకమూ తెలియదు. చివరికి ఓ బొమ్మ ఎలుగుబంటిని కోసి దాన్నే బిడ్డకి తొడుగుతాడు. కంగారుపడకండి, అది అతని సొంత టెడ్డీ కాదు!

ఆఖరున బెలూన్లు. బోలెడన్ని బెలూన్లు బండికి కట్టేసరికి బిడ్డతో సహా బండి గాల్లోకి లేస్తుంది. అది చూస్తే నవ్వాలో గుండె పట్టుకోవాలో అర్థం కాదు. ఇతను విల్లూ బాణం పట్టుకొచ్చి బెలూన్లని పేలుస్తాడు. బండి మెల్లగా కిందికి దిగి తిన్నగా తల్లి దగ్గరికే చేరుతుంది. కథ కంచికి.

చిన్నప్పుడు మా పిల్లలు చూస్తుంటే నేను వంటింట్లోంచి ఓ చెవి వేసి నవ్వుకునేదాన్ని. పూర్తిగా, కాలు కదపకుండా కూర్చుని చూసింది మాత్రం మూడేళ్ల కిందట. అప్పటికి మా ఇంట్లో కూడా ఓ పసివాడు ఉన్నాడు. వాడు నా కొడుకు కాదు.

మాది విజయవాడలో ఓ అపార్టుమెంటు. రెండో అంతస్తులో మేము, నాలుగో అంతస్తులో మా మరిది వాళ్లు. మా తోడికోడలికి బ్యాంకు ఉద్యోగం. కాన్పు సెలవు అయిపోయి తను మళ్లీ చేరే రోజు దగ్గర పడుతుంటే ఇంట్లో పెద్దలందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారు? నిజానికి అది మాట్లాడుకోవాల్సినంత పెద్ద విషయంగా ఎవరికీ అనిపించలేదు. మా ఆడపడుచు ఫోన్‌లోనే తేల్చేసింది. "పెద్దవదిన ఇంట్లోనే ఉంటుందిగా!"

ఈ "ఇంట్లోనే ఉంటుందిగా" అనే మాట మనకి కొత్త కాదు. గ్యాస్ బండ వస్తే తీసుకోవడానికి, పక్కింటివాళ్ల తాళాలు పుచ్చుకోవడానికి, ఊరి నించి వచ్చిన చుట్టాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మనం ఇంట్లోనే ఉంటాం. నేను కాదనలేదు. కాదనాలని అనిపించలేదు కూడా. వాడంటే నాకు ప్రాణం. పొద్దున్న తొమ్మిదింటికి స్నానం చేయించి, పౌడరు రాసి, కాటుక చుక్క పెట్టి మా తోడికోడలు వాణ్ణి నా చేతికి ఇచ్చేది. లిఫ్టులోకి వెళ్తూ వెనక్కి తిరిగి చూసేది కాదు. చూస్తే వెళ్లలేనని దాని భయం. సాయంత్రం ఏడింటికి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే చేతులు చాపేది.

మీలో పిల్లల్ని పెంచినవాళ్లందరికీ తెలుసు. పాలు పట్టడం, లాల పోయడం, ఉయ్యాల ఊపడం, ఇవి పని. వీటిని లెక్కపెట్టచ్చు. లెక్కకి రానిది ఇంకొకటుంది. మన తెలుగులో దానికి చక్కటి మాట ఉంది, కనిపెట్టుకుని ఉండటం. పిల్లాడు పక్కగదిలో నిద్రపోతున్నా మన చెవి అక్కడే ఉంటుంది. కూర కలుపుతున్నా కన్ను గుమ్మం మీదే ఉంటుంది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే ఏదో కొంప మునిగిందని పరిగెడతాం. చేతిలో బిడ్డ లేకపోయినా బిడ్డ బరువు మాత్రం దిగదు.

మన దేశంలో ఆడవాళ్లూ మగవాళ్లూ రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో 2019లో ప్రభుత్వం సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఇంట్లో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునేవాళ్లలో ఆడవాళ్లు 134 నిమిషాలు, మగవాళ్లు 76. మా అమ్మాయి కాలేజీ పనికోసం చదువుతూ నాకు ఇది వినిపించింది. "134 నిమిషాలంటే రెండుంబావు గంటలు. అంతేనా అమ్మా?" అంది. ఎత్తుకున్నది లెక్కవేస్తే అంతే అయ్యుంటుందమ్మా, కనిపెట్టుకుని ఉన్నది ఏ గడియారంతో కొలుస్తారు, అన్నాను.

సరే, అసలు సంగతికొస్తాను. వాడికి ఏడాది దాటి రెండు నెలలు. అప్పుడప్పుడే అడుగులు వేస్తున్నాడు. తెనాలిలో మా దగ్గర బంధువుల పెళ్లి. ముహూర్తానికి ఇంకా టైముంది. మా తోడికోడలు మేడమీద గదిలో పెళ్లికూతురికి మధుపర్కాలు కట్టడానికి సాయం చేస్తోంది. నేను అత్తయ్యగారికి మాత్రలు వేసే పనిలో ఉన్నాను. పిల్లాడు వాళ్ల నాన్న చంకలో ఉన్నాడు. మా మరిదికి ఫోనొచ్చింది. వాణ్ణి కిందికి దించి, నాలుగడుగులు పక్కకి వెళ్లి మాట్లాడి వచ్చాడు. పిల్లాడు లేడు.

పది నిమిషాలు. అంతకంటే ఎక్కువ కాదు. కానీ ఆ పది నిమిషాలు ఆ మండపంలో ఎవరి ఒంట్లోనూ నెత్తురు లేదు. బయట రోడ్డు, పక్కన కాలవ. చివరికి వంటశాల వెనకాల, కూరగాయలు తరిగే ఆడవాళ్ల మధ్యలో పీట మీద కూర్చుని, రెండు చేతులా కీరదోసకాయ ముక్క పట్టుకుని నములుతూ దొరికాడు. వాళ్లలో ఒకావిడ వాణ్ణి ఒళ్లో వేసుకుని "ఎవరి బిడ్డో, బంగారం లాగా ఉన్నాడు, అడుగుదామంటే ఎవరూ రాలేదమ్మా" అంది. ఆవిడకి వేయి దండాలు పెట్టుకున్నాను.

వాడు దొరికాక మొదలైంది అసలు పెళ్లి. "తల్లేదీ? తల్లేం చేస్తోంది?" అని ఒకరు. "ఉద్యోగం చేసే తల్లులు ఇంతేనమ్మా, ధ్యాస ఎక్కడుంటుంది?" అని ఇంకొకరు. "పెద్దకోడలు చూసుకోవట్లేదూ మరి?" అని మూడోవారు నా వైపు తిరిగారు. వాడు జారిపోయింది తండ్రి చేతుల్లోంచి. అది అందరూ చూశారు. అయినా ఆ మండపంలో ఒక్కరంటే ఒక్కరు "తండ్రేదీ?" అని అడగలేదు. మా మరిది పాపం చెడ్డవాడు కాదు. మొహం పాలిపోయి నిలబడ్డాడు. అతన్ని చూసి ఓ పెద్దాయన భుజం తట్టి, "మగాడివి, నీకేం తెలుస్తుందిరా" అని ఓదార్చాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక మా తోడికోడలు నా దగ్గరికి వచ్చి వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడింది. "అక్కా, నేను ఉద్యోగం మానేస్తాను" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. తొమ్మిదేళ్ల సర్వీసు. డిగ్రీ అవగానే రెండేళ్లు రాత్రింబవళ్లు చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. అదేదో పాత చీర పనిమనిషికి ఇచ్చేస్తానన్నట్టు చెప్పింది. నేను ఏమీ అనలేదు. అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని లేచిపోయింది.

ఆ వారంలోనే ఓ ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ఇంట్లో ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోవట్లేదు. మా అబ్బాయి ఆ ఇబ్బంది చూడలేక బీన్ పెట్టాడు. ఏది పెట్టాడో వాడు చూసుకోలేదు. ప్రామ్ కారుకి తగులుకోగానే నా గుండె జారింది. ఆపెయ్యమందామనుకున్నాను. కానీ మా తోడికోడలు కళ్లార్పకుండా చూస్తోంది.

డైపర్ దగ్గరికి వచ్చేసరికి అత్తయ్యగారు నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. నవ్వాపుకుని ఓ మాటన్నారు. "వీడికేమీ రాదు. కానీ చూడండే, ఎవరికీ ఇచ్చి పోలేదు. ఇవ్వడానికి వాడికి మనిషే లేదు పాపం."

మా మరిది నవ్వు సగంలో ఆగిపోవడం నేను చూశాను.

నాకు ఆ భాగం అప్పుడు అర్థమైందండీ. బీన్‌కి పసిబిడ్డ గురించి మగవాళ్లకి తెలియదని మనం ఒప్పుకునేంత కూడా తెలియదు. అతను ఒళ్లు పెరిగిన పిల్లాడు. స్వార్థపరుడు కూడా. ఆట మానడు. అతను చేసే పనులు ఏ ఇంట్లోనూ చేయకూడదు. కానీ బిడ్డ ఏడిస్తే "ఇదిగో, వీడు ఏడుస్తున్నాడు చూడు" అని కేకెయ్యడానికి అతనికి లోపలి గదిలో ఎవరూ లేరు. వాసన వస్తే చెయ్యి చాపి అందించడానికి ఎవరూ లేరు. అందుకే చచ్చినట్టు ఏదో ఒకటి చేస్తాడు. తప్పుగా చేస్తాడు, నవ్వొచ్చేట్టు చేస్తాడు, కానీ చేస్తాడు. గాల్లో లేచిపోయిన బండిని కిందికి దించడం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. బిడ్డ పైకి పోతోంది, తను తప్ప ఎవరూ లేరు, బాణం దొరికింది, వేశాడు.

మన ఇళ్లలో మగవాళ్లకి రాదని మనం చెప్పుకునే పనులన్నిటి వెనకా ఇదే ఉందేమో చూడండి. రాకపోవడం కాదు, అందించడానికి ఎప్పుడూ ఓ మనిషి ఉండటం. తల్లి, తల్లి లేకపోతే పెద్దమ్మ, ఆవిడా లేకపోతే నాయనమ్మ. బిడ్డ చుట్టూ ఆడవాళ్ల చేతులు ఎన్ని ఉంటాయంటే తండ్రి చేతులకి నేర్చుకునే అవసరమే రాదు. "నీకేం తెలుస్తుందిరా" అన్న ఆ పెద్దాయన మాట ఓదార్పులాగే ఉంటుంది. అది జీవితకాలపు సెలవు చీటీ. అదే చీటీ మా తోడికోడలి చేతిలోకి వచ్చేసరికి రాజీనామా కాగితం అయింది.

ఆ భాగంలో తల్లి గురించి కూడా చెప్పాలి. ఆవిడ కథలో మొదట్లో కాస్త, ఆఖర్న కాస్త కనబడుతుంది. బిడ్డ తప్పిపోయింది కదా, ఆవిడని నిలబెట్టి నాలుగు మాటలు అనిపించచ్చు. కథ ఆ పని చేయదు. బండి తిరిగి రాగానే బిడ్డా తల్లీ ఒకటవుతారు, అంతే. ముప్ఫై ఏళ్ల కిందటి ఓ నవ్వుల కార్యక్రమం ఆ తల్లికి చూపించిన మర్యాద, మా బంధువులు నా తోడికోడలికి చూపించలేకపోయారు.

టీవీ ఆపేశాక మా తోడికోడలు "అక్కా, రేపు తొమ్మిదింటికి తీసుకొస్తాను వాణ్ణి" అంది. మానేస్తానన్న మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. కానీ నా మనసులో ఒకటి పడింది. బ్యాంకులకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. మిగతా శనివారాలు తనకి డ్యూటీ. మా మరిదికి మాత్రం అన్ని శనివారాలూ సెలవే. అయినా ఆ శనివారాలు కూడా పిల్లాడు నా దగ్గరే ఉండేవాడు. వాళ్ల నాన్న పైన పేపరు చదువుకుంటుంటే వాడు కింద నా కొంగు పట్టుకుని తిరిగేవాడు. అది తప్పని ఎవరికీ తోచలేదు. అలవాటు అలా ఉంది.

నేను ఎవరితోనూ వాదించలేదు. బీఏలో తెలుగు చదివినా నాకు వాదన రాదు. మా ఆయనకి ఒక్కడికే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి "వాడు తట్టుకోగలడా?" అన్నారు. "బీన్ తట్టుకున్నాడుగా" అన్నాను. తరవాతి శనివారం పొద్దున్నే అత్తయ్యగారినీ తీసుకుని మంగళగిరి వెళ్లిపోయాను. పానకాలస్వామి దర్శనం, అక్కడే మా పిన్ని ఇంట్లో భోజనం, సాయంత్రం దాకా కబుర్లు. ముందురోజే మరిదికి చెప్పాను. "రేపు నేను ఊళ్లో ఉండను. పాలపొడి డబ్బా ఇక్కడ, డైపర్లు ఇక్కడ, ఉగ్గు ఇలా కలపాలి." అతను "అలాగే వదినా" అన్నాడు గానీ మొహంలో రంగు లేదు.

నిజం చెప్పద్దూ, గుడి మెట్లెక్కుతూ కూడా నా చెవి విజయవాడలోనే ఉంది. మధ్యాహ్నం దాకా ఆరుసార్లు ఫోనొచ్చింది. జ్వరమేమో అనిపిస్తోంది అని ఒకసారి, ఉగ్గు మింగట్లేదు అని ఒకసారి. జవాబు చెప్పాను. వస్తానని మాత్రం అనలేదు. రెండు దాటాక ఫోన్లు ఆగిపోయాయి. అప్పుడు ఇంకా భయమేసింది! సాయంత్రం వచ్చి చూస్తే ఇల్లు తిరనాళ్ల మర్నాడు మైదానంలా ఉంది. డైపర్ వెనకది ముందుకి వేసి, జారకుండా పైన ఓ తువ్వాలు చుట్టి ఉంది. తండ్రీ కొడుకులిద్దరూ చాప మీద అడ్డంగా పడి నిద్రపోతున్నారు. వాడి చెయ్యి వాళ్ల నాన్న చొక్కా గుండీ పట్టుకుని ఉంది. అంతకుముందు నిద్రొస్తే అలా నా కొంగు పట్టుకునేవాడు.

చూసి మురిసిపోయాననే రాద్దామనుకున్నాను గానీ, ఆ గుండీ చూడగానే కాస్త కలుక్కుమంది కూడా. పిల్లల్ని పెంచినవాళ్లకి చెప్పక్కర్లేదు అది.

తరవాత అన్ని శనివారాలూ అలాగే. మొదట్లో అపార్టుమెంటులో అందరూ మా మరిదిని ఆకాశానికెత్తేశారు. పిల్లాణ్ణి ఎత్తుకుని కింద తిప్పుతుంటే "ఎంత బాగా చూసుకుంటున్నారండీ!" అని పొగడ్తలు. వారానికి అయిదు రోజులు నేను తిప్పుతుంటే ఎవరూ ఏమీ అనలేదు లెండి. మొదట నాకు మంటెత్తింది. కానీ ఓరోజు ఎవరో అలా అంటుంటే అతను, "మా వదినా, మా ఆవిడా రోజూ చేస్తారండీ. నేను వారానికొకసారి" అన్నాడు. నేను వినాలని అన్నది కాదు. నేను మెట్ల మీద ఉన్నానని అతనికి తెలియదు.

వాడికిప్పుడు నాలుగేళ్లు దాటాయి, స్కూలుకి వెళ్తున్నాడు. మా తోడికోడలికి ఈ మధ్యే ప్రమోషన్ వచ్చింది. బదిలీ ఉంటుందేమోనని ఎదురుచూస్తోంది. వేరే ఊరు వేస్తే పిల్లాడు ఎవరి దగ్గర ఉండాలన్న మాట మళ్లీ వచ్చింది. ఈసారి కూడా పెద్దలందరూ కూర్చున్నారు. మా ఆడపడుచు ఫోన్‌లో "పెద్దవదిన..." అని మొదలుపెట్టేలోపు మా మరిది అందుకున్నాడు. "వాడు నా దగ్గరుంటాడక్కా. స్కూలు ఇక్కడే కదా. నాకు కుదరని పూట వదినని అడుగుతాను."

అడుగుతాను అన్నాడు చూడండి. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. అడిగితే ఎప్పుడు కాదన్నాను నేను?

పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో ఇప్పటికీ ఏ పిల్లాడైనా ఏడుస్తుంటే "తల్లేదీ?" అనే గొంతులు వినబడుతూనే ఉంటాయి. అలవాటైన నోళ్లు ఊరుకోవు. నేను మాత్రం ఓ పని చేస్తున్నాను. అలా ఎవరైనా అనగానే పక్కనుంచి కాస్త గట్టిగా, నవ్వుతూనే, "తండ్రెక్కడున్నారో కూడా చూడండి" అంటాను. ఒకరిద్దరు వింతగా చూస్తారు. చూడనివ్వండి. ఎక్కడో కుర్చీలో ఫోన్ చూసుకుంటున్న ఓ తండ్రి తలెత్తుతాడు కదా, నాకది చాలు.